వలయం రాని ప్లేటు

కొత్తగూడెంలో నేను పనిచేసిన చిన్న ఆసుపత్రికి ఇంక్యుబేటర్ వచ్చిన ఏడు నాకు ఇరవై మూడేళ్ళు. ల్యాబులో నేనొక్కదాన్నే. అప్పటిదాకా నా పనంతా మలేరియాకు రక్తపు చుక్కలు చూడటం, మూత్రంలో చక్కెర చూడటం. చీములోంచి క్రిమిని పెంచి చూసే పని మన దగ్గరే జరగాలని మా పెద్ద డాక్టరు గారు రెండేళ్ళు పట్టుబట్టి ఆ వెచ్చటి పెట్టె తెప్పించారు. వచ్చిన రోజు దానికి పసుపు కుంకుమ పెట్టాను. తలుపుకు పెట్టు, థర్మామీటరుకు వద్దు అని నవ్వారాయన.

వానాకాలం మొదట్లో పినపాక అవతల అడవిలో ఉన్న పల్లె నుంచి ఒకామె వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. తొడ మీద కోడిగుడ్డంత సెగగడ్డ లేచి, కాలు మోపలేకపోతోంది. తోడుగా వచ్చిన తోడికోడలికి మోచేతి దగ్గర అలాంటిదే, చిన్నది. ఏడాదిలో ఇది మూడోసారని, బండి మీద ఊరూరా తిరిగే ఆరెంపీ ప్రతిసారీ సూది వేశాడని తొడ మీద గడ్డ ఉన్నామె చెప్పింది.

"సూది పడంగనే తగ్గినట్టయితది బిడ్డా. నాలుగు నెలలు తిరగకముందే ఇంకో కాడ లేస్తది."

డాక్టరు గారు గడ్డ కోసి చీము తీసి, దూది పుల్ల నాకిచ్చారు. దాన్ని క్రిమికి మేత పోసి ఉంచిన గాజు ప్లేటు మీద రాసి పెట్టెలో పెట్టాను. మర్నాటికి బంగారు రంగు చుక్కలు మొలిచాయి. వాటిని ఇంకో ప్లేటులో పరిచి, మందుల్లో తడిపిన కాగితపు బిళ్ళలు పైన పేర్చాను. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ క్రిమి పెరగదు, ఖాళీ వలయం కనబడుతుంది. చదువుకునే రోజుల్లో నేను చూసినవన్నీ అలాంటి ప్లేట్లే.

ఆ తర్వాతి పొద్దున తలుపు తీసి చూస్తే, మేం రోజూ రాసే మందుల చుట్టూ వలయమన్నదే లేదు. క్రిమి బిళ్ళల అంచులదాకా గడ్డిలా అల్లుకుపోయింది. ఎవరూ రాయడం మానేసిన పాత సల్ఫా మందు చుట్టూ మాత్రం విశాలంగా, అద్దంలా ఖాళీ. ముందు భయమేసింది. బిళ్ళలు పాతవేమో, కరెంటు పోయినప్పుడు పెట్టె చల్లారిందేమో అనుకున్నాను. అంతలోనే తట్టింది, ఇది మందులకు లొంగని క్రిమి. పుస్తకంలో నాలుగు లైన్లుగా చదువుకున్నది నా అరచేతిలో ఉంది. ఓపీలో ఎవరో నాలుక చాపి కూర్చునున్నా ఆగకుండా లోపలికి పరుగెత్తాను.

డాక్టరు గారు ప్లేటును కిటికీ దగ్గర ఎత్తిపట్టి చాలాసేపు చూశారు.

"ఇంకోసారి చెయ్యి బిడ్డా. నీ చెయ్యి తప్పిందా, క్రిమి ముదిరిందా తేలాలె."

కొత్త బిళ్ళలతో మళ్ళీ చేశాను. తోడికోడలి చీమూ పెట్టాను. ఆ రెండు రోజులూ ఇంట్లో అమ్మకు అదే పనిగా చెబుతుంటే, "ఎవళ్ళ చీముకో గింత సంబరమేందే" అంది. రెండు ప్లేట్లూ మొదటి మాటే చెప్పాయి. డాక్టరు గారు ఆ ఇద్దరికీ సల్ఫా మాత్రలు రాసి, క్రిమిని ఖమ్మంలో పెద్ద ల్యాబుకు పంపించి, ఆదివారం జీపులో నన్ను వాళ్ళ పల్లెకు తీసుకెళ్ళారు.

ఆ ఇంట్లో ఎనిమిది మంది. ఐదుగురి ఒంటి మీద గడ్డల మచ్చలున్నాయి. దండెం మీద అందరికీ కలిపి ఒకటే తువ్వాలు. మగవాళ్ళందరికీ, పక్కింటివాళ్ళకు కూడా ఒకటే రేజరు. ఎవరి తువ్వాలు వాళ్ళకుండాలని, రేజరు పంచుకోవద్దని, పుండుకు గుడ్డ కప్పి ఉంచాలని, ఆ గుడ్డలు ఉడకబెట్టాలని డాక్టరు గారు ఓపిగ్గా చెప్పారు. ఈ క్రిమి గడ్డ లేకున్నా ముక్కులో దాగుంటుంది, అందుకే నేను దూది పుల్లలతో అందరి ముక్కుల్లో నమూనాలు తీశాను. ముసలి అత్త ససేమిరా అంది. పెద్దకోడలు, అదే మా పేషెంటు, కోయ భాషలో ఏదో అనగానే అందరూ ఘొల్లుమన్నారు. ముసలామె నవ్వుతూ ముక్కు చూపించింది. ఏమన్నదని తోడికోడల్ని అడిగితే, ముక్కులో బంగారముందేమో వెతుకుతున్నారు అన్నదట. ఆ క్రిమి రంగూ బంగారమే అని చెబితే వాళ్ళు నమ్మలేదు.

తిరిగి జీపెక్కబోతూ డాక్టరు గారు, "మనిద్దరియి గూడ తియ్యి" అన్నారు.

పల్లె ముక్కుల్లో నాలుగింటిలో అదే క్రిమి. డాక్టరు గారికి లేదు. నాకుంది. పల్లెలో అంటిందో, అంతకుముందే నాలో ఉందో తెలియదు. నేను రక్తం తీసిన చేతులన్నీ గుర్తొచ్చాయి, పక్కనే పడుకునే అమ్మ గుర్తొచ్చింది. వెళ్ళి డాక్టరు గారికి చెబితే ఆయన గొంతు మారలేదు.

"దొరికింది గద. దొరికితే పోగొట్టొచ్చు."

పల్లెలో ఆ నలుగురికీ, నాకూ ముక్కులో లేపనం, రోజూ మందు సబ్బుతో స్నానం. నాకు మళ్ళీ చేసిన పరీక్షలో ఏమీ మొలవలేదు. అమ్మ ముక్కూ చూశాను, సణుగుతూనే తలెత్తి కూర్చుంది. ఆమెకు లేదు. ఖమ్మం నుంచి కాగితం వచ్చింది. నా ప్లేటు చెప్పింది నిజమేనని రాశారు. ఆ రోజంతా దాన్ని కోటు జేబులో పెట్టుకుని తిరిగాను.

పెద్దకోడలి తొడ మానింది. మరుసటి వానల్లో ఆమే మళ్ళీ వచ్చింది, గడ్డతో కాదు. పక్క పల్లె నుంచి ముగ్గుర్ని వెంటబెట్టుకొచ్చి, బెంచీ మీద ఎడం ఎడంగా కూర్చోబెట్టి, ఎవరి తువ్వాలు వాళ్ళ చేతికిచ్చింది.

"ముందుగాల చీము చూడు బిడ్డా. సూది సంగతి తర్వాత."

మూడు ప్లేట్లు పెట్టాను. మూడో పొద్దున చూస్తే రెండింటిలో రోజూ రాసే మందులకు వలయం రాలేదు. వాటిని చెరో చేత్తో పట్టుకుని ఓపీ వైపు పరుగెత్తాను.