జువాలజీ సార్ రాబోయే ఉపన్యాసం

మా కాలేజీలో ఎవరికీ పేర్లుండవు, సబ్జెక్టులే ఉంటాయి. "హిస్టరీకి జ్వరమంట", "మ్యాథ్స్ వాళ్లమ్మాయి పెళ్లంట", "పొలిటికల్ సైన్సు ఇంకా బస్సు దిగలేదంట" అని మాట్లాడుకుంటాం. చోడవరం బజారులో ఎవరైనా "కామర్స్ మేడమ్ గారూ" అంటే ఠక్కున వెనక్కి తిరుగుతాను. ఇంట్లో మా ఆయన పేరు పెట్టి పిలిస్తే మాత్రం ఎవరినో అనుకుని ఊరుకుంటాను.

అధ్యాపకుల కోసం జరిపే వర్క్‌షాపులకీ సెమినార్లకీ ఉపన్యాసాలకీ నన్ను కన్వీనర్‌ని చేసిందెవరో నాకిప్పటికీ తెలీదు. స్టాఫ్ మీటింగ్ మధ్యలో గ్యాస్ బండ అతను ఫోన్ చేస్తే వరండాలోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఎందుకో అర్థం కాక, మర్యాదగా ఉండదని నేనూ కొట్టాను. అలా ఏకగ్రీవమైపోయింది.

ప్రిన్సిపాల్ గారి గది బయట "రాబోయే కార్యక్రమాలు" అని ఒక నోటీసు బోర్డు ఉంటుంది. అప్పట్నుంచి దాని తాళం, గుండుసూదులు, తిట్లు అన్నీ నావే. సమయపాలన మీద వర్క్‌షాపు పెట్టాం. చెరకు క్రషింగ్ సీజన్ కదా, వక్త గారి కారు గోవాడ షుగర్ ఫ్యాక్టరీ దగ్గర చెరకు ట్రాక్టర్ల వెనక ఇరుక్కుపోయింది. ఆయన దిగేసరికి మేం భోజనాలు చేసి చేతులు కడుక్కుంటున్నాం. ఒత్తిడి తగ్గించుకోవడం మీద ఇంకోటి ఆదివారం నాడు పెట్టి, రానివాళ్లకి మెమో ఇస్తామన్నాం. కృత్రిమ మేధ మీద వర్క్‌షాపులో ప్రొజెక్టర్ వెలగలేదు. పాపం, విశాఖ నుంచి వచ్చినాయన బోర్డు మీద సుద్దముక్కతో కంప్యూటర్ బొమ్మ గీసి, దాని మీద వేలు పెట్టి "ఇక్కడ క్లిక్ చేయండి" అన్నాడు. మేమందరం రాసుకున్నాం.

ఇలా ఏదో ఒకటి జరిగేది, దాని కాగితం తీసి కొత్తది పెట్టేదాన్ని. ఒక్క కాగితం మాత్రం నేను కన్వీనర్‌ని కాకముందు నుంచీ అక్కడే ఉంది. "బల్లి: మన గోడ మీది వింత. ఉపన్యాసం: జువాలజీ అధ్యాపకులు." తేదీ దగ్గర ఎన్నిసార్లు కొట్టేసి రాశారో, అక్కడ కాగితానికి చిల్లు పడింది. పిల్లలు ఆయనకి "రాబోయే సార్" అని పేరు పెట్టేశారు. ఆయనకి ఆ సంగతి తెలుసు. కోపం లేదు.

జువాలజీ సార్ రోలుగుంట నుంచి స్కూటర్ మీద వస్తారు. సన్నగా, నెమ్మదిగా ఉంటారు, ఎవరితో మాట్లాడుతున్నా మధ్యలో ఒకసారి గోడ వైపు చూస్తారు. మాది పాత బిల్డింగు కావడంతో బల్లులకి కొదవలేదు. వాటిని చూస్తూనే ఆయన సర్వీసంతా గడిచిపోయింది. తెలుగు సార్‌కి కూడా బల్లుల మీద కొంత పట్టుంది గానీ అది పంచాంగం మేరకే: భుజం మీద పడితే ఒకటి, పాదం మీద పడితే ఒకటి. ఆ ఫలితాలు ఆయనకి కంఠతా వచ్చు. ఇద్దరూ ఒకే స్టాఫ్ రూములో ఎదురెదురుగా కూర్చుంటారు.

మరి ఆయన ఉపన్యాసం ఎందుకు జరగలేదంటే, దానికి కారణం మా సభామర్యాద. మా దగ్గర ఏ సభైనా ఒకే పద్ధతి. ముందు జ్యోతి వెలిగించాలి. ఫ్యాను గాలికి ఆరిపోతుంది. ఫ్యాను ఆపాలి. ఏ స్విచ్చు ఏ ఫ్యానుదో తెలీదు కాబట్టి అన్నీ ఆపాలి. తర్వాత వేదికనలంకరించిన పెద్దలని ఒక్కొక్కరినీ పేరుపేరునా, అంటే సబ్జెక్టు సబ్జెక్టునా, మాట్లాడే ప్రతివారూ సంబోధించాలి. తర్వాత దుశ్శాలువా, జ్ఞాపిక, ఫొటో, ఫొటో సరిగ్గా రాలేదని మళ్లీ ఫొటో. బయటి వక్తకి ఇవన్నీ అయ్యాక పావుగంట మిగిలితే గొప్ప. చివర్లో ఉండే స్థానిక వక్త వంతు వచ్చేసరికి కిటికీలోంచి బిర్యానీ వాసన లోపలికొస్తుంది. స్థానిక వక్త అంటే ఎప్పుడూ జువాలజీ సారే. "సార్ మనవాళ్లే కదా, ఇంకోసారి పెట్టుకుందాం" అనేవారు. ఆయన నవ్వి కాగితాలు సంచీలో పెట్టేసుకునేవారు.

ఈసారి అలా కుదరదు. ఆయన ఈ నెలాఖరికి రిటైరవుతున్నారు. సంక్రాంతి సెలవుల తర్వాత కాలేజీ తెరిచిన రోజున నా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"అమ్మా, ఒక్క గంట ఇప్పించండి," అన్నారు. "పిల్లలకి ఎన్నేళ్లో సెప్పేను. 'ఇది పరీక్షలో వస్తాదా సార్?' అనే అడిగేరు. మనోళ్లకి ఒక్కసారి సెప్పి, ఎవులో ఒకలు 'ఇదెందుకిలాగ?' అని ఒక్క ప్రశ్న అడిగితే సాలు. ఎల్లిపోతాను."

నేను మెత్తని మనిషినేం కాదు, అటెండెన్సు విషయంలో నన్ను చూసి పిల్లలు పారిపోతారు. కానీ ఒక మనిషి సర్వీసంతా చేసి అడిగింది ఒక్క ప్రశ్న. అది కూడా ఇవ్వలేకపోతే ఈ కన్వీనర్‌గిరీ ఎందుకు, తగలబెట్టడానికా?

తిన్నగా ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లాను. బయటి అతిథి వద్దు, జ్యోతి వద్దు, శాలువా వద్దు, జువాలజీ సార్ ఒక్కరే మాట్లాడతారు అని గట్టిగా చెప్పాను.

"ఓస్, అంతేనా మేడమ్, సింపుల్‌గా సేసేద్దాం," అన్నారాయన.

మా కాలేజీలో సింపుల్‌గా అన్న మాట వింటే నాకు భయం వెయ్యాలి. ఆ రోజెందుకో వెయ్యలేదు.

ఉపన్యాసం రోజు పొద్దున్న సెమినార్ హాల్లోకి అడుగు పెడితే వేదిక మీద బ్యానర్ కట్టి ఉంది. దాని మీద జువాలజీ సార్ ఫొటో, చుట్టూ పూలు. ముందొక దీపం కూడా పెట్టేశారు. గుమ్మంలో అడుగుపెట్టగానే సార్ ఆ ఫొటో వైపు చూసి, నా వైపు చూసి, "నేను బాగానే ఉన్నానమ్మా," అన్నారు.

జరిగిందేమిటంటే, శాలువా వద్దన్న నా మాట ప్రిన్సిపాల్ గారు అందరికీ చెప్పారు. అందరూ నొచ్చుకున్నారు. ఇంత మంచి మనిషి వెళ్లిపోతూ చివరిసారి మాట్లాడుతుంటే శాలువా కూడా కప్పకపోతే ఎలా అని ఎవరికి వారు అనుకుని, ఎవరికీ చెప్పకుండా, డిపార్టుమెంటుకొకటి కొనుక్కొచ్చారు. కాలేజీ తరఫున ఒకటి. ఆఫీసు వాళ్లదొకటి. లైబ్రరీ వాళ్లది వేరే, ఎందుకంటే ఆఫీసుకీ లైబ్రరీకీ పడదు. ఊళ్లో బట్టల కొట్లో శాలువాలు అయిపోయాయట, ఫిజిక్స్ వాళ్లు అనకాపల్లి మనిషిని పంపించి తెప్పించారు.

ప్రతివారూ మైకు దగ్గరికి వచ్చి "నేను ఎక్కువ టైము తీసుకోను, సార్ మాట్లాడాలి కదా" అనే మొదలుపెట్టారు. ఎవరూ తొందరగా దిగలేదు. ఫిజిక్స్ వాళ్లు సార్ నిరాడంబరత గురించి మాట్లాడి జరీ శాలువా కప్పారు. ఇంగ్లీషు సార్ ఆయన వాక్చాతుర్యం గురించి మాట్లాడారు. ఇంతవరకూ ఎవరమూ వినలేదు కాబట్టి ఎవరమూ కాదనలేకపోయాం. మ్యాథ్స్ మేడమ్ కళ్లు మూసుకుని సార్ ఆరోగ్యం కోసం చిన్న ప్రార్థన చేసింది. ఆవిడొక్కతే నిజంగా ఎక్కువ టైము తీసుకోలేదు. చివరికి శాలువాల మధ్యలోంచి జువాలజీ సార్ ముఖం మాత్రమే బయటికి కనిపించింది, అది కూడా చెమటలు కారుతూ. ముందు వరసలో ఎకనామిక్స్ సార్ ఎప్పటిలాగే నిద్రపోతున్నారు. ఆయన ఏ సభకి వచ్చినా ముందు వరసలోనే కూర్చుంటారు, గౌరవంగా నిద్రపోతారు.

నేను పక్కన నిలబడి పళ్లు నూరుతున్నాను. ఎవరిని తిట్టను? ఒక్కరు కూడా చెడ్డ ఉద్దేశంతో చెయ్యలేదు. ఆ మనిషిని అంత ప్రేమగా, అంత మంది కలిసి, నోరెత్తకుండా చేసేశారు.

అంతలో భోజనం గంట కొట్టారు. బిర్యానీ వాసన వచ్చేసింది. కుర్చీలు కదిలాయి. ప్రిన్సిపాల్ గారు మైకు తీసుకుని, "సారు ఉపన్యాసం కోసం మనందరం ఎదురుసూస్తన్నాం. అంచేత భోజనాలయ్యాక వీలైతే..." అన్నారు. భోజనాలయ్యాక అక్కడ ఎవరూ ఉండరని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. జువాలజీ సార్‌కైతే అందరికంటే బాగా తెలుసు. ఆయన శాలువాల్లోంచి ఒక చెయ్యి బయటికి తీసి, బల్ల మీదున్న కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టారు.

అప్పుడు నాకు ఒళ్లు మండింది. గబగబా వేదికెక్కి ప్రిన్సిపాల్ గారి చేతిలోంచి మైకు లాక్కున్నాను. లాక్కున్నానని తర్వాత చెప్పారు, అడిగి తీసుకున్నాననే నేను అనుకున్నాను.

"అందరూ కూకోండి," అన్నాను. "భోజనాల గదికి తాళమేసేను. తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. సారు మాట్లాడ్డం అయితేగానీ తియ్యను."

కిందటి సెమినార్‌కి కోతులు గదిలోకి దూరి అప్పడాలన్నీ ఎత్తుకెళ్లాయి. అందుకని కేటరింగ్ ఆయన వంటలు దింపగానే తాళం వేయడం కన్వీనర్ బాధ్యతని తీర్మానించారు. ఆ తీర్మానం చేసినవాళ్లే ఇప్పుడు నన్ను గుడ్లురిమి చూస్తున్నారు.

"ఇదేటి మేడమ్, నాకు షుగరుంది, టైముకి తినాలి," అన్నారు హిస్టరీ సార్.

హ్యాండ్‌బ్యాగులోంచి చాక్లెట్ ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టాను. అందరూ కూర్చున్నారు.

జువాలజీ సార్ లేచారు. శాలువాలన్నీ ఒక్కొక్కటే తీసి కుర్చీ మీద పెట్టారు. మైకు ముందు నిలబడి గొంతు సవరించుకుని, "వేదికనలంకరించిన..." అని మొదలుపెట్టారు. హాలంతా ఒక్కసారిగా మూలిగింది. ఆయన ఆగి, మా ముఖాలు చూసి, నవ్వేసి, "సరే, పై వరండా దూలం మీదున్న బల్లి గురించి సెప్తాను," అన్నారు.

అలా చెప్పారు. బల్లి కాళ్లకి జిగురుండదట, కంటికి కనిపించనంత సన్నని వెంట్రుకలుంటాయట, వాటితోనే సీలింగు పట్టుకుంటుందట. దానికి రెప్పలుండవట, నాలుకతో కళ్లు తుడుచుకుంటుందట. అది చెప్తూ ఆయన తన నాలుక బయటపెట్టి కంటి వైపు చూపిస్తే, ప్రిన్సిపాల్ గారు కూడా తెలీకుండా నాలుక బయటపెట్టారు. పిల్లి పట్టుకోగానే బల్లి తోకని తనే తెంపేసుకుని పారిపోతుందని, తోక అక్కడే గిలగిలా కొట్టుకుంటుంటే పిల్లి దాన్నే చూస్తూ ఉండిపోతుందని చెప్పారు. తర్వాత కొత్త తోక వస్తుంది, కానీ అందులో పాతదాన్లా వెన్నెముక ఉండదు, మెత్తని ఎముకలాంటి పుల్ల ఒకటి ఉంటుంది. దూరం నుంచి చూస్తే తేడా తెలీదు. బల్లి దాంతోనే సర్దుకుపోతుంది.

ఇంతకాలం ఒకే గోడ కింద కూర్చుని మాకిదేమీ తెలీదు. తెలుగు సార్ పంచాంగం మరిచిపోయి నోరు తెరుచుకుని విన్నారు.

"అంతేనండి," అన్నారు జువాలజీ సార్. కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి అంచులు సర్ది, మా వైపు చూశారు. "ఎవులికైనా డౌట్లుంటే..."

అందరి చూపూ తలుపు మీదే ఉంది. ఆకలి మీదున్న మనుషులు ప్రశ్నలడగరు. ఒకరు అడిగితే మిగతావాళ్లు కరిచేలా ఉన్నారు. నేనే ఏదైనా అడుగుదామంటే, కన్వీనర్ అడిగిన ప్రశ్న ప్రశ్న కాదు, ఆయనకి తెలిసిపోతుంది. సార్ తలూపి, కాగితాలు చేతిలోకి తీసుకున్నారు.

ముందు వరసలో ఎకనామిక్స్ సార్ కళ్లు తెరిచే ఉన్నాయి. ఎప్పుడు మేలుకున్నారో నేను చూడలేదు. కూర్చునే, చెయ్యి కూడా ఎత్తకుండా, తనలో తను అనుకుంటున్నట్టు అడిగారు.

"మరి దానికి తోక పోయిందని తెలుస్తాదేటండి? అంటే... ఇంతకు ముందు తోక ఉండేదని, అది ఇప్పుడు లేదని, దానికి గుర్తుంటాదా?"

జువాలజీ సార్ జవాబు చెప్పడానికి నోరు తెరిచారు. ఒకసారి సీలింగు వైపు చూశారు.

"తెలీదండి," అన్నారు. ఆ మాట అంటున్నకొద్దీ ఆయన ముఖం వెలిగిపోయింది. "నాకు తెలీదు! ఇన్నేళ్లు సూసేను గానీ, ఇది ఎప్పుడూ అనుకోలేదు సుమండీ. ఎలాగ తెలుసుకోవాలంటారు?"

ఎలా తెలుసుకోవాలో జువాలజీ చదవని ఆ హాలంతా చెప్పడం మొదలుపెట్టింది. ఒకరు తోక తెగిన బల్లిని, తెగని బల్లిని పక్కపక్కన పెట్టి చూడాలన్నారు. ఇంకొకరు తోక తెగిన చోటికి అది మళ్లీ వెళ్తుందో లేదో కనిపెట్టాలన్నారు. ప్రిన్సిపాల్ గారికీ హిస్టరీ సార్‌కీ దాని మీద చిన్న తగాదా కూడా అయింది. బిర్యానీ చల్లారిపోతోందని కేటరింగ్ ఆయన వచ్చి తలుపు బాదేదాకా ఎవరూ లేవలేదు. నాకు కళ్లు చెమ్మగిల్లాయి, సగం ఆకలి వల్లనే అయ్యుంటుంది.

అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నాక చూస్తే జువాలజీ సార్ లేరు. ఒక పళ్లెంలో వడ్డించి హాల్లోకి పట్టుకెళ్లాను. ఆయన వేదిక మీద కుర్చీ ఎక్కి నిలబడి, సెల్‌ఫోన్ లైటు సీలింగు మూలకి వేసి చూస్తున్నారు.

"తినేసి సూద్దురు గాని, దిగండి సార్," అన్నాను.

"మీరు తినండమ్మా. ఆ మూల దానికి తోక కొత్తగా వస్తంది, సూసేరా?" అన్నారు, కళ్లు తిప్పకుండానే. "నెలాఖరు తరవాత ఏటి సేస్తారని మా ఆవిడ రోజూ అడుగుతంది. ఇన్నాళ్లూ ఏటీ సెప్పలేకపోయేను. ఇయాల ఇంటికెల్లి సెప్తాను."

నేను పళ్లెం బల్ల మీద పెట్టి, ఆయన పడిపోకుండా కుర్చీ పట్టుకుని నిలబడ్డాను.