నాయిన అడిగిన కాఫీ

నల్లగొండలో నేను పంతులమ్మగా చేరిన రోజుల్లో చాయ్‌కి కొదవ లేదు. బస్టాండు దగ్గర చాయ్, కచేరీ ముందర చాయ్, సినిమా హాలు పక్కన చాయ్. కాఫీ అడిగితే మాత్రం ఒంట్లో బాగా లేదా అన్నట్టు చూసేవాళ్లు. నేనేమో హైదరాబాదులో ట్రైనింగు చదువుతూ కాఫీకి బాగా అలవాటుపడి వచ్చాను. పొద్దున్నే అది గొంతులో పడకపోతే ఆ రోజు పిల్లల మీద ఊరికే కసురుకునేదాన్ని.

ఒకే ఒక్క హోటల్ ముందు కాఫీ అని రాసి ఉండేది. ఆడవాళ్లు వెళ్లి కూర్చునే చోటు కాదు గనక స్కూలు ఆయాతో చెంబు పంపి తెప్పించుకున్నాను. నోట్లో పోసుకుంటే పైన చాయ్ వాసన, లోపల కషాయం చేదు. మర్నాడు స్కూలుకు పోతూ గుమ్మం దగ్గర ఆగి చూశాను. హోటలాయన చాయ్ గిన్నెలోనే పాలు, చక్కెర, కాఫీ పొడి అన్నీ కుమ్మరించి తెగ మరిగిస్తున్నాడు.

"కాఫీని గట్ల మరిగిస్తరా?" అన్నాను.

"మరగకుంటే మజా యాడికెళ్లి వస్తది పంతులమ్మా?" అని నవ్వాడు.

ఆ నవ్వు చూశాక మళ్లీ చెంబు అటు పంపలేదు.

ఆ ఏడే మా నాయినకు కంట్లో పొర వచ్చింది. మా ఊరు చిట్యాల నుంచి లోపలికి ఉంటుంది. నాయిన అక్కడే కూలి పని చేసి నన్ను హాస్టల్లో పెట్టి చదివించాడు. నేనే ఆయన్ని హైదరాబాదులో కండ్ల దవాఖానకు తీసుకుపోయి ఆపరేషన్ చేయించాను. కట్టు విప్పి పంపిన రోజు బస్సుకు ఇంకా టైముంటే, దగ్గర్లోని ఉడిపి హోటల్లో ఫ్యామిలీ గదిలో కూర్చోబెట్టి కాఫీ చెప్పాను. నాయిన అంతవరకూ కాఫీ తాగి ఎరగడు. పింగాణీ కప్పు, కింద సాసరు, పైన నురగ. ఆయన చుక్క మిగల్చకుండా, తొందర లేకుండా తాగాడు.

తాగి, కప్పూ సాసరూ రెండు చేతులా పట్టుకుని లేచాడు. కర్టెన్ తోసుకుని, నీళ్ల నల్లా ఎక్కడుందా అని వెతుక్కుంటూ బయల్దేరాడు.

మా ఊరి హోటల్లో మా వాడ వాళ్లు లోపలికి పోకూడదు. మా గ్లాసులు వేరే. అవి బయట చూరులో దోపి ఉండేవి. ఎవరి గ్లాసు వాళ్లు తీసుకుని, పైనుంచి పోస్తే పట్టుకుని, బయటే కూర్చుని తాగి, కడిగి, మళ్లీ చూరులో దోపి పోవాలి. నాయినకు తాగడమంటే కడగడం కూడా. నా ఇంటికొచ్చినా అంతే. నేను ఎంత కోప్పడినా తన గ్లాసు తనే కడిగి గడప పక్కన బోర్లించేవాడు.

ఉడిపి హోటల్ సర్వరు ఎదురొచ్చి, "అక్కడే పెట్టండి పెద్దాయనా, కడిగేవాళ్లు ఉన్నారు" అని ఆయన చేతిలోంచి కప్పు తీసుకుపోయాడు. రోజూ ఎందరితోనో అనే మాటే అయి ఉంటుంది. నాయిన ఖాళీ చేతులతో అక్కడే నిలబడ్డాడు. నాకు బస్సు తొందర. రెక్క పట్టుకుని లాక్కొచ్చాను.

చిట్యాల దాకా కాఫీ ముచ్చటే. దిగేముందు, "గసొంటి కాఫీ సచ్చేలోపల ఇంకోపారి తాగాలె బిడ్డా" అన్నాడు. నాయిన నన్ను నోరు తెరిచి అడిగింది జీవితంలో అదొక్కటే.

ఇక నాకు పట్టుదల పుట్టింది. హైదరాబాదు పోయేవాళ్లను బతిమాలి సుల్తాన్‌బజారు నుంచి ఫిల్టరు తెప్పించుకున్నాను. అక్కడే గింజలు వేయించి అప్పటికప్పుడు పట్టి ఇచ్చే దుకాణం ఉండేది. ఆ పొడి ఇంట్లోకి వస్తే ఆ పూట వాకిలి దాకా ఘుమఘుమ. ఆ వాసన తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. రాత్రే ఫిల్టరులో పొడి నొక్కి వేడి నీళ్లు పోసి పెట్టి, పొద్దున్నే చిక్కటి డికాక్షన్ దిగిందో లేదోనని పళ్లు తోముకోకముందే మూత తీసి చూసేదాన్ని.

నాయిన ఆదివారాలు వచ్చేవాడు. మొదటిసారి ప్రేమ కొద్దీ మేకపాలు తెచ్చాడు. ఆ కాఫీ ఇద్దరం తాగలేకపోయాం. తర్వాత చిక్కటి బర్రెపాలతో చేశాను. చికోరీ కలిపి చేశాను, కలపకుండా చేశాను. చక్కెర తగ్గించాను, పెంచాను. ప్రతిసారీ స్టీలు గ్లాసు ఖాళీ చేసి, కడిగి, బోర్లించి, నా మొహం చూసి నొచ్చుకుంటూ అదే మాట.

"మంచిగనే ఉంది బిడ్డా. గానీ గది గాదు."

నాకు ఒళ్లు మండేది. ఆ హోటల్‌వాడు ఏం మందు కలిపాడో అనుకునేదాన్ని.

ఒక ఆదివారం అన్నీ అడ్డం తిరిగాయి. సుల్తాన్‌బజారు పొడి అయిపోయింది. కిరాణా కొట్లో కొన్నది ఏనాటి పొడో, డికాక్షన్ నీళ్లలా దిగింది. పాలు అడుగంటాయి. నల్లాలో నీళ్లు రాలేదు, గ్లాసులన్నీ ఎంగిలివే. చేసేది లేక, స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగారి లాంటి వాళ్లు వస్తే తీద్దామని దాచిన పింగాణీ కప్పూ సాసరూ దించి, అందులోనే పోసి స్టూలు మీద పెట్టాను.

నాయిన తాగాడు. తాగి, కప్పూ సాసరూ పట్టుకుని బిందె వైపు లేచాడు. ఉన్నవే కాసిని నీళ్లు.

"ఆడ వెట్టు నాయినా, కడిగేటోళ్లున్నరు" అన్నాను విసుగ్గా, కప్పు ఆయన చేతిలోంచి లాక్కుని.

నాయిన కదల్లేదు. ఆ రోజు హోటల్లో నిలబడ్డట్టే ఖాళీ చేతులతో నిలబడ్డాడు. తర్వాత మెల్లగా వచ్చి కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు.

"గిదే బిడ్డా" అన్నాడు. "గిదే కాఫీ."

నాకు ఏడుపొచ్చింది. అటు తిరిగి పొయ్యి ఊదుతున్నట్టు నటించాను. అంత చెత్త కాఫీ నేను జన్మలో చెయ్యలేదు.

"ఇంక జరంత ఉన్నదా?" అని అడిగాడు నాయిన.

గిన్నెలో మిగిలిందంతా ఆ కప్పులోనే పోసిచ్చాను. తీరిగ్గా తాగాడు. ఈసారి నేను చెప్పకుండానే కప్పు స్టూలు మీద పెట్టి, కండువా దులిపి భుజాన వేసుకుని బస్సుకు బయల్దేరాడు.