పెరట్లో టేకు పందిరి

తార్నాకలో మేం కొనుక్కున్న పాత ఇంటి వరండాకి పెంకులు తీసేసి స్లాబు వేయించినప్పుడు నాలుగు టేకు దూలాలూ, బోలెడు వాసాలూ మిగిలాయి. ఎవరికైనా ఇచ్చేద్దామని మా ఆయన అంటుండేవారు. నాకు మాత్రం వాటితో పెరట్లో పందిరి వేసుకోవాలనీ, కూరమడుల చుట్టూ అంచులు కట్టుకోవాలనీ ఆశ. బాపట్ల వైపు నుంచి టీచరు ఉద్యోగానికొచ్చి, పదిహేనేళ్లు అద్దె ఇళ్లలో కుండీలతో సరిపెట్టుకున్నదాన్ని మరి.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. బంద్ అన్నప్పుడల్లా బడికి సెలవు. అలాంటి ఒక సెలవునాడు మేమిద్దరమే గుంటలు తవ్వి, దూలాలు నేరుగా మట్టిలో పాతేసి, పైన వాసాలు కట్టాం. టేకుకి చెద పట్టదని మా ధీమా. వానాకాలం వెళ్లేసరికి ఒక మూల దూలం ఒరిగిపోయింది. పైకి లాగితే అడుగున చెదలు తిన్న చెక్క పొడిపొడిగా రాలింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

రోజూ పొద్దున్నే యూనివర్సిటీ క్యాంపస్‌లో నడిచేదాన్ని. అక్కడ చెట్టు కింద క్లాసు బెంచీలు బాగుచేసే వడ్రంగి మేస్త్రీ ఒకాయన కనిపించేవారు. యాభై దాటిన మనిషి, ఇల్లు అడిక్‌మెట్‌లో. ఓ రోజు ఆగి, నా పందిరి సంగతి చెప్పాను. ఆయన చిత్రిక పట్టడం ఆపి నవ్వారు.

"గట్ల మట్టిల పాతితే చెద పట్టదా మేడం? కింద సిమెంటు దిమ్మె కట్టాలె, దానికి ఇనుప పట్టీ పెట్టాలె. కట్టె భూమికి నాలుగు వేళ్లు పైనే ఉండాలె. నీళ్లు నిలవకుంటె పదేండ్లయినా ఏం గాదు."

నాకు సెలవు దొరికిన రోజు వచ్చి చేసిపెడతానన్నారు. ముందే వచ్చి దిమ్మెలు పోసి వెళ్లారు. తర్వాత వచ్చిన సెలవు కూడా బందే. బస్సుల్లేవు, క్యాంపస్ మీదుగా నడిచి వస్తానన్నారు. తొమ్మిదింటికి ఫోన్ మోగింది.

"మేడం, నన్ను గీడ గేటు కాడ ఆపిండ్రు. సంచిల రంపం ఉన్నదని."

నేనూ మా ఆయనా చెప్పులేసుకుని పరుగెత్తాం. గేటు దగ్గర కానిస్టేబుల్ సంచి విప్పి రంపం, ఉలులు, సుత్తి రోడ్డు మీద పరిచాడు. మేస్త్రీ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"మా ఇంటికే వస్తున్నారండీ. పెరట్లో పందిరి వేయడానికి," అన్నాను.

"బంద్ రోజు పందిరేంటమ్మా?"

"బంద్ రోజే కదండీ నాకు సెలవు!"

పందిరి కొలతలు రాసుకున్న కాగితం నా చేతిలోనే ఉంది. అది చూపించాను. కానిస్టేబుల్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఈలోగా మేస్త్రీ పక్కనున్న కర్ర బారికేడ్‌ని ఊపి చూసి, "దీని కాలు ఊగుతున్నది సార్, ఒక మొల కొట్టాల్నా?" అని అడిగారు. కానిస్టేబుల్‌కి నవ్వాగలేదు. మొల కొట్టించుకునే పంపించాడు.

ఆ రోజంతా పనే. దూలాల పాడైన చివరలు కోసి, దిమ్మెల మీద నిలబెట్టి, పట్టీలు బిగించారు. చిత్రిక కింద నల్లటి పాత చెక్క తేనెరంగు తేలింది. మా ఆయన వెనకాలే అవిసె నూనె పట్టించారు. మిగిలిన వాసాలతో మడులకు అంచులు, పందిరి కింద ఒక బల్ల.

టీ తాగుతూ మేస్త్రీ అడిగారు: "రాష్ట్రమొస్తే మీరు పోతరా మేడం?"

స్టాఫ్ రూములో ఆ మాట విన్నప్పుడల్లా నా మనసు చివుక్కుమనేది. ఈయన మాత్రం నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. "ఎక్కడికి పోతామండీ? మా బతుకంతా ఇక్కడే," అన్నాను.

"పోకుండ్రి. మా బిడ్డ గీ క్యాంపస్‌లనే చదువుతున్నది, ర్యాలీలకు పోతది. నౌకరీలు రావాలెనని పోతది గని, ఎవల్నో ఎల్లగొట్టనీకి గాదు."

నాకేదో బరువు దిగినట్టయింది. ఇంకో కప్పు టీ పోశాను.

రాష్ట్రం ఏర్పడిన రోజు సాయంత్రం తార్నాకంతా టపాకాయల మోత. మేస్త్రీ కూతుర్ని వెంటబెట్టుకుని మిఠాయి తెచ్చారు. అందరం పందిరి కిందే కూర్చున్నాం. పైకి పాకిన బీరతీగకు ఆ సాయంత్రం పూలు అప్పుడే పసుపుపచ్చగా విచ్చుకుంటున్నాయి. మా ఆయన లేత కాయలు నాలుగు కోసి ఆ అమ్మాయి చేతిలో పెట్టారు. తొక్క పారేయకుండా పచ్చడి చేసుకోమన్నాను. "తొక్కతోటి పచ్చడా ఆంటీ? ఎట్ల జేస్తరు?" అంటూ ఫోన్ తీసి, నేను చెప్పేది శ్రద్ధగా రాసుకుంది.