‘లా’ పోయిన కొండపిండి

హరిప్రియ ఆంటీది నెల్లూరు. ఈ కంగారూల దేశంలో, టార్నీట్ అనే శివారులో ఒక వృద్ధాశ్రమం లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతుంది. వాళ్ళింట్లో ఒక గదిలో నేను అద్దెకుంటాను. ఇల్లు, కారు, చివరికి ఎవరితో స్నేహం చెయ్యాలన్నది కూడా ఆమె భర్తే ఎంచాడు. ఈ దేశంలో ఆమె తనంతట తాను కనిపెట్టుకున్నది ఒక్కటే, ఇళ్ళ వెనక పల్లంలో పూసే పువ్వు.

జూన్‌లో మొదలయ్యే ఇక్కడి చలికాలం వానలకు ఆ పల్లం మడుగవుతుంది. సెప్టెంబరు దాటి నీళ్ళింకుతుంటే బురదకు అతుక్కుని మొక్కలు లేస్తాయి. వేలెడంత కూడా ఉండవు. తలమీద తెల్లటి నూగు, ఉన్ని గుండీలా. ఎండలు ముదిరితే మొక్క చస్తుంది, రాలిన గింజ మళ్ళీ వాన కోసం ఆగుతుంది. ఆంటీ డ్యూటీ దిగి నేరుగా అక్కడికెళ్ళి గొంతుక్కూర్చునేది. ఒక్కటీ కోసేది కాదు.

ఒక శనివారం బార్బీలో, అంటే బార్బెక్యూ విందులో, నోరు జారింది. ఆ పువ్వు అచ్చం మన కొండపిండిలా ఉంటుందని చెప్పింది. కొండపిండి కషాయం తాగితే కిడ్నీలో రాళ్ళు కరుగుతాయని మనవాళ్ళ నమ్మకం. ఆ విందుకొచ్చిన ఆమె భర్త స్నేహితుడు ఈశ్వరప్రసాద్ అంకుల్‌కి ఫైనాన్స్‌లో పెద్ద ఉద్యోగం ఉంది, కిడ్నీలో రాయి ఉంది, వాట్సాప్ గ్రూపూ ఉంది. ఆమె మాటలోంచి ‘లా’ ఊడబీకి, టార్నీట్‌లో కొండపిండి దొరికిందని గ్రూపులో పెట్టాడు.

మర్నాడు గ్రూపువాళ్ళు గుడి నుంచి నేరుగా దిగారు, పంచెలు ఎగగట్టి, ప్లాస్టిక్ కవర్లతో. రాళ్ళు లేనివాళ్ళు కూడా వచ్చారు, రాబోయే రాళ్ళ కోసం. ప్రసాదం పులిహోర అంటిన చేతులు నాక్కుని, అవే చేతులతో మొక్కల్ని వేళ్ళతో సహా పీకారు.

ఆంటీ అడ్డం వెళ్ళింది. "అన్నయ్యగారూ, గింజ రాలనివ్వండి. ఇప్పుడు పీకితే ఇంక మొలవదు. కొండపిండిలా ఉందన్నాను గానీ, కొండపిండి అనలేదు."

"ఇది నీ బ్యాక్‌యార్డేంటమ్మా? పబ్లిక్ ల్యాండ్. మంచిదేదైనా దొరికితే షేర్ చేస్కోవాలి," అన్నాడు అంకుల్.

అందరికంటే ముందు నవ్వింది ఆమె భర్త. అందరికంటే పెద్ద కవరూ అతనిదే.

ఇంటింటా కషాయం కాగి వారమంతా వీధి కంపు కొట్టింది, తడిసిన గొర్రెను ఉడకబెట్టినట్టు.

మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి. పల్లం నిండింది, ఎండింది. బీటలు, వాటి మధ్య ఒక చిరిగిన కవరు, అంతే. రాయికి ఆపరేషన్ చేయించుకున్న అంకుల్ మా ఇంటికొచ్చి, కాఫీ తాగుతూ, ఆ మొక్కలో పవర్ లేదన్నాడు.

"ఫేకమ్మా అది. ఒరిజినల్ ఇంకెక్కడైనా చూశావా?"

"లేదండీ," అంది ఆంటీ.

వాకిట్లో ఆమె డ్యూటీ బూట్లకు తడి బురద ఉంది. మా పల్లం ఎండి నెలయింది. ఎక్కడిదో నాకూ చెప్పలేదు. మంచి పని చేసింది, నేనూ ఆ గ్రూపులో ఉన్నవాణ్ణే.