మస్తాన్ గారి పడవ చెక్క

డెబ్బై నాలుగు వేసవి. విజయవాడ వన్‌టౌన్‌లో నేను వడ్రంగి కొట్టు పెట్టి అప్పటికి పదకొండేళ్లు. కుర్చీలు, బల్లలు, అద్దాల బీరువాలు చేసేవాణ్ణి. పనిలో పేరుంది. పేరుతో పాటు కాస్త పొగరు కూడా ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటాను.

ఒక సోమవారం పొద్దున మస్తాన్ గారు టేకు చెక్క ఒకటి భుజాన పెట్టుకుని వచ్చారు. బందరు కాలువ మీద ముప్పై ఏళ్లు సరుకుల పడవ నడిపిన మనిషి. లారీలు వచ్చాక బేరాలు పోయాయి. ఆ ఏడే పడవ విప్పించి కలపంతా అమ్మేశారు, ఈ ఒక్క చెక్క తప్ప.

"మా మనవరాలు ఖురాన్ మొత్తం చదవడం పూర్తి చేసింది ఆచారిగారూ. శుక్రవారం ఇంటికి అందర్నీ పిలుస్తున్నాం. ఈ చెక్కతో రేహల్ చేసిపెట్టాలి. అతుకు లేకుండా, ఒకే చెక్కలో."

రేహల్ అంటే ఖురాన్ పెట్టుకుని చదువుకునే మడతపీట. రెండు ముక్కలకు మడతబందు బిగించి చెయ్యడం ఎవరికైనా వచ్చు. ఒకే చెక్కలో చెయ్యడం వేరు. చెక్క మందాన్ని పైనుంచి సగానికి కోసుకుంటూ మధ్యకు రావాలి, కిందినుంచీ అలాగే రావాలి. మధ్యలో రెండు చేతుల వేళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు నకిల్స్, అంటే పళ్లు, ఉలితో తొలచాలి. ఆ పళ్ల మీదే పీట తెరుచుకుంటుంది. తెరిచేదాకా లోపల ఏం జరిగిందో తెలియదు. ఒక్క పన్ను విరిగిందా, చెక్క పొయ్యిలోకే. నేను అంతకు ముందు రెండే చేశాను, అవీ కొత్త చెక్కతో.

"ఈ చెక్క గురించి మీకో మాట చెప్పాలి..." అన్నారాయన.

"చెక్క సంగతి నాకు చెప్పాలా అండీ? మీరు శుక్రవారం పొద్దున్నే వచ్చి పట్టుకెళ్లండి" అన్నాను.

ఆయన చెక్కను ఒకసారి నిమిరి వెళ్లిపోయారు.

మంగళవారం చిత్రిక పట్టాను. గ్రెయిన్, అంటే చెక్కలో నార నడిచే తీరు, ముచ్చటగా ఉంది. పైభాగాన కాలువ నీళ్లలా వంపు గీతలు చెక్కాను. నాకే తెగ నచ్చేసింది. పాత చెక్కకు మేకులున్నాయేమోనని అయస్కాంతం పెట్టి చూడటం మా పద్ధతి. రెండువైపులా శుభ్రంగా కనిపిస్తోంది కదా అని ఆ పని మానేశాను.

బుధవారం పైనుంచి కోస్తుంటే రంపం కీచుమంది. అంచున పట్టిన తారు గీకి చూస్తే నల్లటి చుక్క. మేకు చెక్క పైముఖం మీంచి కాదు, అంచులోంచి అడ్డంగా దిగింది. దాని పక్కనుంచి వెంట్రుకంత పగులు కిందికి పోతోంది. మేకు ఎంత పొడవో, లోపల తిన్నగా ఉందో వంగి ఉందో తెలియదు. అడ్డదిడ్డంగా పీకితే పగులు విచ్చుకుని చెక్క రెండుగా ఊడుతుంది. ఇంకో చెక్క తెద్దామంటే ఆ పడవే లేదు.

ఆ పూట అన్నం సయించలేదు. మా ఆవిడ కనిపెట్టేసింది.

"ఆయన్నే అడగరాదూ?"

"ఏమని అడగను? మీ చెక్క పాడుచేశానని చెప్పనా?"

"ఇంకా పాడు కాలేదుగా. పాడయ్యాక చెబుతారా?"

కసిరాను గానీ, ఆ మాట నన్ను వదల్లేదు.

గురువారం పొద్దున్నే మస్తాన్ గారు గుమ్మంలో నిలబడ్డారు. గభాలున చెక్క మీద గోనెపట్టా కప్పేశాను.

"ఊరికే, ఎంతవరకూ వచ్చిందో చూసి పోదామని."

"అవుతోందండీ" అన్నాను. నా గొంతు నాకే దొంగగొంతులా వినిపించింది. ఆయన సరేనని వెనక్కి తిరిగారు. ఇక ఉండబట్టలేకపోయాను.

"మస్తాన్ గారూ, తప్పు చేశానండీ. మేకు తగిలింది" అని పట్టా తీసేశాను.

ఆయన తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు. కింద కూర్చుని, చెక్కను ఒళ్లోకి తీసుకుని, అంచు మీద వేలు నడిపించారు.

"ఇది నేను కొట్టిందే. చెక్క చీలితే బిగించా. మూడంగుళాల మేకు, తిన్నగా దిగింది. నూనె పోసి, మెల్లగా తిప్పుతూ లాగండి. ఇంకోటి ఉంది." వేలు అవతలి అంచుకు పోయి ఆగింది. "ఇక్కడ."

సరిగ్గా నేను పళ్లు తొలచాల్సిన చోటు! ఆయన రాకపోతే మధ్యాహ్నానికి ఉలి దాని మీదే దిగేది.

రెండు మేకులూ తీసేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. చిల్లుల్లో కొయ్యచీలలు దిగ్గొట్టాను. సాయంత్రానికి పళ్లు తొలచడం అయింది. ఆయన కదల్లేదు. రెండు అంచులూ పట్టుకుని తెరవబోయాను. లోపల టప్పుమని చిన్న చప్పుడైంది. రేహల్ మెల్లగా విచ్చుకుని నేల మీద నిలబడింది. ఒక్క పన్నూ విరగలేదు.

"అమ్మయ్య!" అన్నాను. "సోమవారం మీరు చెప్పబోయింది ఈ మేకుల సంగతేగా? నేనే విన్నాను కాదు."

"కాదండీ. పాత చెక్కలో మేకులుంటాయని మీకు తెలియదా ఏంటి? చుక్కాని పక్కన మా ఆవిడ కూచునే చెక్క ఇది. బందరు నుంచి బెజవాడ దాకా దీని మీదే కూచుని ఖురాన్ చదువుకునేది. పోయి మూడేళ్లయింది. అదే చెబుదామనుకున్నా."

నాకు తలెత్తబుద్ధి కాలేదు. రెండు రోజులుగా నేను భయపడింది నా పేరు పోతుందనే. ఆయన మనసులో ఏముందో నేను అడగనేలేదు.

అప్పట్నుంచి పాత చెక్క ఎవరు తెచ్చినా ముందు వాళ్లకు స్టూలు వేస్తాను. వాళ్లు చెప్పడం అయ్యేదాకా ఉలి ముట్టుకోను. అయస్కాంతం కూడా ఆ తర్వాతే.