చెల్లెలి పెళ్లి కాగితాలతో జడ్చర్ల దాకా

గురువారం పొద్దున ఆరుంబావుకు మా ఊరి స్టేజీ దగ్గర నల్గొండ బస్సెక్కాను. చేతిలో నీలం ప్లాస్టిక్ ఫైలు, భుజాన ఒక జత బట్టలున్న సంచి. ఫైలులోవి నా కాగితాలు కావు, మా చెల్లెలు స్వప్నవి. స్వప్న మాల్టా అనే దీవిలో, ముసలివాళ్లను చూసుకునే ఆశ్రమంలో నర్సు. అక్కడే పనిచేసే రోమెల్ అనే ఫిలిప్పీన్స్ అబ్బాయిని పెళ్లి చేసుకోబోతోంది. ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరకదు కాబట్టి పెళ్లి అక్కడే, ఆ దేశపు రిజిస్ట్రారు ముందు.

మన దగ్గర పెళ్లికి పంతులు, ముహూర్తం ఉంటే సరిపోతుంది. అక్కడ అలా కాదట. పుట్టిన సర్టిఫికెట్టు కొత్త కాపీ కావాలి, దానికి జడ్చర్ల పోవాలి. పెళ్లి కాలేదని తహశీల్దారు పత్రం కావాలి. రక్తసంబంధం ఉన్నవాళ్లెవరో ఒకరు ప్రమాణం చేసి ఇచ్చిన అఫిడవిట్ కావాలి. వీటికి హైదరాబాద్‌లో రాష్ట్ర ప్రభుత్వం ముద్ర, దాని మీద విదేశాంగ శాఖ అతికించే అపోస్టిల్ అనే స్టిక్కరు ఉండాలి. ఆ పని చేయించే ఏజెన్సీకి శుక్రవారం పన్నెండు లోపల ఇస్తేనే సమయానికి మాల్టా చేరతాయి. పెళ్లికి ఆరు వారాల ముందే అక్కడ వీళ్ల పేర్లు నోటీసు బోర్డుకు ఎక్కాలి. ఈ తేదీ తప్పితే మళ్లీ తేదీ దొరికేలోపు రోమెల్ కాంట్రాక్టు అయిపోతుంది, అతను ఇంకో దేశం వెళ్లిపోవాలి.

మేము బాపు అని పిలిచే మా నాన్నకు మోకాలి ఆపరేషన్ అయి మగ్గం దగ్గర కూడా కూర్చోలేకపోతున్నాడు. అందుకని నేను బయల్దేరాను. చెల్లెలి మీద ప్రేమతో వెళ్లానని రాసుకుంటే బాగుంటుంది గాని అది అబద్ధం. కడుపుమంటతో వెళ్లాను. నాకు ముప్పై ఆరేళ్లు, దానికి ముప్పై రెండు. నాకింకా పెళ్లి కాలేదు. నల్గొండలో ఒక చీరల షాపులో పొద్దంతా పెళ్లికూతుళ్ల ముందు పట్టుచీరలు విప్పి భుజాన వేసుకుని చూపించడం నా ఉద్యోగం. అట్లాంటిదాన్ని సెలవు పెట్టి మరీ చెల్లెలి పెళ్లి కాగితాలు మోసుకుపోతున్నాను.

ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరమ్మ ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టు కొట్టి ఇచ్చింది. ఆడవాళ్లు ఈ దారిన వెళ్లదలిస్తే అసలు ఆధార్ పెట్టుకోండి, జిరాక్సు చూపిస్తే ఒప్పుకోరు. పక్క సీటులో పత్తి ఏరడానికి పోతున్న పెద్దావిడ నా ఫైలు వంక చూసింది.

"ఏం కాయిదాలు బిడ్డా?"

"పెండ్లి కాయిదాలు."

"నీయేనా?"

"కాదు, మా చెల్లెయి."

"అయ్యో," అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆ అయ్యోకు నా ఒళ్లు మండింది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఏడుంబావుకు నల్గొండ. ఏడున్నరకు దేవరకొండ బస్సు దొరికింది. హైదరాబాద్ మీదుగా తిరిగి పోకుండా కొండమల్లేపల్లిలో దిగి కల్వకుర్తి దారి పట్టుకుంటే జడ్చర్ల దగ్గర. బత్తాయి తోటలు దాటాక దారికి రెండు పక్కలా తెల్లగా పత్తి చేలు, మధ్యలో బండరాళ్ల గుట్టలు. నేను వాటిని చూడకుండా ఫైలు తీసి, ఇప్పటికి నాలుగుసార్లు చదివిన కాగితాన్ని మళ్లీ చదివాను.

అది పంచనామా. స్వప్నకు పెళ్లి కాలేదని పత్రం ఇచ్చే ముందు తహశీల్దారు పంపిన గిర్దావర్ సారు సోమవారం మా వాకిట్లో కూర్చుని ఇరుగుపొరుగును విచారించాడు. "గీ పిల్లకు పెండ్లి కాలేదని మీకెట్ల ఎరుక?" అని అడిగాడు. పక్కింటి నర్సమ్మవ్వ క్షణం కూడా ఆలోచించలేదు.

"పెద్దపిల్లదే కాలేదు సారూ, చిన్నదానిది ఎట్లయితది? గీ ఇంట్ల గట్ల చెయ్యరు."

అందరూ తలలూపారు. సారు అదే రాసుకున్నాడు. 'సదరు స్వప్న అక్క అయిన భాగ్యకు నేటివరకు వివాహం కాలేదు. పెద్ద కుమార్తె వివాహం కానిదే చిన్న కుమార్తె వివాహం చేయుట ఈ కుటుంబంలో లేదు. కావున సదరు స్వప్న అవివాహిత అని మేము నమ్మకంగా చెప్పుచున్నాము.' చదివి వినిపించి నాతో కూడా సంతకం పెట్టించాడు.

చెల్లెలికి పెళ్లి కాలేదనడానికి రుజువు నేను! అది పెళ్లి చేసుకోవడానికి నా పెళ్లి కాకపోవడం పనికొచ్చింది. ఎక్కడో సముద్రం మధ్యనున్న సర్కారు స్వప్న ఎప్పుడు పుట్టింది, ఎవరి బిడ్డ, ఎవరికైనా మాటిచ్చిందా అని అంత శ్రద్ధగా అడుగుతోంది. నా గురించి ఏ సర్కారూ ఒక్క ముక్క అడగలేదు. నిజం చెప్పాలంటే పెళ్లికొడుకు దొరికాడని కూడా నాకు అంత కుళ్లు లేదు. ఆ ఫైలు మీదే ఉంది.

కొండమల్లేపల్లి చౌరస్తాలో ముప్పావుగంట నిలబడ్డాక కల్వకుర్తి బస్సు వచ్చింది. పదిన్నరకు కల్వకుర్తిలో దిగి బస్టాండు ఎదుట నాలుగు ఇడ్లీ తిని, ఒక చాయ తాగాను. యాభై రూపాయలు. పల్లీ చట్నీ బాగుంది, అడక్కుండానే మళ్లీ వేశారు. అక్కణ్ణించి జడ్చర్ల బస్సు నిండా సీతాఫలాల గంపలు. గంపల యజమానురాలు ఒక పండు నా చేతిలో పెట్టి "తిను అక్కా, మస్తు తియ్యగుంటది" అంది. గింజలు ఎక్కడ ఉమ్మాలో తెలియక ఫైలులోని ఖాళీ కవరులో వేసుకున్నాను.

పన్నెండుంబావుకు జడ్చర్ల. అది అమ్మ పుట్టిల్లు. స్వప్న అక్కడి దవాఖానలోనే పుట్టింది. మేనమామ వాళ్లు ఊరు విడిచి చాలా ఏళ్లయింది కాబట్టి నేరుగా పుట్టుక రికార్డులుండే ఆఫీసుకు వెళ్లాను. కౌంటరు దగ్గర కళ్లద్దాల మేడం నిదానస్తురాలు. దరఖాస్తు చదివి, కంప్యూటరులో చూసి, నా మొహం చూసింది.

"గీ పేరు మీద నాలుగేండ్ల కింద గూడ కాపీ తీస్కపోయిన్రు గదమ్మా."

"లేదు మేడం, ఇంకెవరిదో అయ్యుంటది."

ఆమె లోపలికి వెళ్లి, కాపీలు ఇచ్చినప్పుడు సంతకం తీసుకునే రిజిస్టరు తెచ్చి నా వైపు తిప్పింది. స్వప్న పేరు. తీసుకున్నవారి సంతకం మా బాపుది, ఆ వంకర అక్షరాలు నేను గుర్తుపట్టలేకపోవడమేమిటి. ఎందు నిమిత్తం అన్నచోట 'విదేశంలో వివాహం' అని ఉంది.

"అప్పుడు పెండ్లి కాలేదా?" అంది మేడం.

నాకు తెలియదన్నాను. కొత్త కాపీ చేతికిచ్చేసరికి ఒంటిగంట. బయట వేపచెట్టు కింద నిలబడి ఫోన్ చేశాను.

"బాపూ, నాలుగేండ్ల కింద జడ్చర్లకు ఎందుకొచ్చినవ్?"

అటువైపు టీవీ చప్పుడు ఆగిపోయింది.

"ఎవలు చెప్పిన్రు బిడ్డా?"

"రిజిస్టర్ల నీ సంతకమున్నది."

"అప్పుడే చేసుకుందామనుకున్నరు ఆళ్లిద్దరు. గదే టైముల నీకు మిర్యాలగూడ సంబంధం నడుస్తుండె. అక్కదైనంక చేసుకుంట బాపూ అన్నది. అది తప్పిపాయె. ఇంకోటి జూసినం, అదీ తప్పిపాయె. గట్లనే నాలుగేండ్లు గడిచినయి."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్పొద్దని నాతోని ఒట్టు పెట్టించుకున్నది."

ఇది చదివేవాళ్లు నా కళ్లు చెమర్చాయని అనుకుంటారేమో. లేదు, కడుపులో ఇంకా మండింది. చదువులో అదే ముందు, ఉద్యోగంలో అదే ముందు, ఇప్పుడు పెళ్లిలో కూడా అదే ముందు. పోనీ అనుకుంటే త్యాగంలో కూడా అదే ముందా! మిర్యాలగూడ సంబంధం నేనే వద్దన్నాను. పిల్లవాడు మాటిమాటికీ వాళ్లమ్మ మొహం చూస్తున్నాడని. ఆ రోజు స్వప్నకు ఫోన్‌లో "నాకేం తొందర లేదే, ఇంకో నాలుగేండ్లయినా ఆగుత" అని నవ్వాను. "నీ ఇష్టం అక్కా" అంది అది. ఆగుతున్నది ఎవరో నాకు తెలియదు. దానికి తెలుసు, అయినా నాతో పాటు నవ్వింది.

బస్టాండుకు వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. కల్వకుర్తి బస్సు ఎదురుగానే ఉంది. ఎక్కేస్తే రాత్రి భోజనాల వేళకు ఇంట్లో ఉంటాను. ఆఫీసులో పని కాలేదని చెప్తే ఎవరూ అడగరు. సోమవారం ఇచ్చినా ఇచ్చినట్టే, కాకపోతే తేదీ దాటిపోతుంది. ఇంత నీచంగా ఆలోచించానని ఒప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది. డ్రైవరు ఇంజను కూడా స్టార్టు చేశాడు.

నన్ను ఎక్కకుండా ఆపింది మంచితనం కాదు. తేదీ తప్పితే స్వప్న ఏం చేస్తుందో నా కళ్లకు కట్టింది. "ఏం కాదక్కా" అంటుంది. మళ్లీ ఆగుతుంది. మళ్లీ నా వల్లే ఆగినట్టవుతుంది. దాని గొప్పతనాన్ని ఇంకో నాలుగేళ్లు పెంచి పోషించే ఓపిక నాకు లేదు. బస్సు వెళ్లిపోయింది. నేను వెళ్లి జొన్నరొట్టె, పప్పు తిన్నాను, డెబ్బై రూపాయలు. తర్వాత నోటరీ కోసం వెతుక్కున్నాను.

నోటరీ సారు జిరాక్సు షాపు పక్క గదిలో ఉన్నాడు. తెల్లటి మీసాలు, మెల్లటి మాట. స్టాంపు పేపరు మీద మూడు పాయింట్లు టైపు చేయించాడు. నేను స్వప్న తోబుట్టువును. పుట్టినప్పటి నుంచి ఆమెను ఎరుగుదును. ఆమెకు ఇంతవరకు ఎవరితోనూ వివాహం కాలేదు. అంతా ఇంగ్లీషులోనే, నాకు తెలుగులో చెప్పాడు.

"మీరు మేడం? పెండ్లయిందా? భర్త పేరు రాయాల్నా, తండ్రి పేరా?"

"తండ్రి పేరే. ఇంకో పాయింటు రాయండి సార్. నా పెండ్లి కాకున్నా నా చెల్లె పెండ్లి చేసుకోనీకె అక్కగ నాకు ఏ అభ్యంతరం లేదు."

సారు కళ్లజోడు తీశాడు. "అక్క అభ్యంతరం ఎవలడిగిన్రమ్మా? చట్టంల అసొంటిదేం లేదు."

"చట్టంల లేదు సార్. గీండ్ల ఉన్నది," అని పంచనామా ఇచ్చాను. ఆయన మొదటి నుంచి చివరి దాకా చదివాడు. ఇంకేమీ అడగకుండా టైపు చేసే అమ్మాయితో "నాలుగో పాయింటు గొట్టు" అన్నాడు.

ఆ రాత్రికి బస్టాండుకు దగ్గర్లోనే లాడ్జి, గది కిరాయి ఆరువందలు. కౌంటరులో ఉన్నాయన "ఒక్కరేనా మేడం?" అని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ ఒక్కదాన్నేనని చెప్పాను. గది శుభ్రంగా ఉంది, నీళ్లు వేడిగా వచ్చాయి.

శుక్రవారం ఆరున్నర బస్సుకు హైదరాబాద్, మళ్లీ జీరో టికెట్టే. ఏజెన్సీకి పదింబావుకు చేరాను. కౌంటరు అమ్మాయి అన్నీ సరిచూసి, ఒక్కొక్కటి స్కాన్ చేసి, రసీదు ఇచ్చింది. స్కాన్ కాపీలు స్వప్నకు కూడా పంపించింది. ఖాళీ ఫైలు నా చేతికి తిరిగొచ్చింది. అందులో ఇప్పుడు సీతాఫలం గింజల కవరు ఒక్కటే ఉంది.

ఒంటిగంటన్నరకు విజయవాడ రోడ్డు బస్సులో కిటికీ సీటు దొరికింది. మా ఊరికి కట్టంగూర్‌లో దిగాలి. ఇట్లాంటి పని మీద వెళ్లేవాళ్లకు నాకు తెలిసింది చెప్తాను. ప్రతి కాగితం రెండు కాపీలు తీసుకోండి. నోటరీ దగ్గరికి సాయంత్రం దాకా ఆగకుండా ముందే వెళ్లండి. పంచనామాలో ఏం రాశారో సంతకానికి ముందు చదువుకోండి. ఆఫీసులవాళ్లు నేను భయపడినంత చెడ్డగా లేరు. దారి పొడుగునా మంచివాళ్లే తగిలారు. కుళ్లుకుంటూ తిరిగింది నేనొక్కదాన్నే.

చౌటుప్పల్ దాటాక స్వప్న ఫోన్ చేసింది.

"అక్కా, కాయిదాలు చూసిన. గా నాలుగో పాయింటేందే?"

"ఉండనీ. రిజిస్టర్ల బాపు సంతకం చూసిన."

దాన్ని మాట్లాడనివ్వకుండా నేనే అన్నాను. "నీ మీద కుళ్లుకుంట పోయిననే స్వప్నా. నిన్న బస్సెక్కి వాపస్ వద్దామనుకున్న."

"ఎరుకే అక్కా. అయినా నువ్వే పోతవని గూడ ఎరుక." నవ్వింది. "రోమెల్ గా పాయింటు చదివి అడుగుతుండు, మీ దేశంల అక్క పర్మిషన్ గూడ కావాల్నా అని."

"ఏం చెప్పినవ్?"

"అవునని చెప్పిన. నాలుగేండ్ల సంది గదే చెప్తున్న గద."

ఇద్దరిలో ఎవరమూ ఫోన్ పెట్టలేదు. అక్కడెక్కడో గిన్నెల చప్పుడు, ఎవరో మగమనిషి నాకు తెలియని భాషలో ఏదో అడగడం వినిపించాయి. ఎంతసేపు అట్లా ఫోన్ చెవికి పెట్టుకుని కూర్చున్నానో తెలియదు. కండక్టరు వచ్చి భుజం దగ్గర నిలబడ్డాడు.

"మేడం, కట్టంగూర్ ఎప్పుడో దాటింది. మీరు దిగాల్సింది గాడనే గదా?"

నకిరేకల్‌లో దిగాను. ఎదురు బస్సు కోసం రోడ్డు దాటి, ఆధార్ కార్డు మళ్లీ చేతిలోకి తీసుకున్నాను.