అద్దాల బావ వెనక సీటు

అద్దాల బావకి ఈ లోకంలో కూర్చోవడానికి వీలైన చోటు ఒక్కటి కూడా దొరకలేదు. కుర్చీ గానీ, సోఫా గానీ, పార్కులో బెంచీ గానీ, పళ్ళ డాక్టరు దగ్గర వాలుకుర్చీ గానీ, ఏదైనా సరే, కూర్చోగానే "అబ్బా" అంటాడు. కాస్త కుడికి జరిగి "ఇలా బాగుందా?" అని తనని తానే అడుగుతాడు. కాస్త ఎడమకి జరిగి "పోనీ, ఇలా?" అంటాడు. రెండూ బాగాలేవని తీర్పు చెప్పుకుని లేచి నిలబడతాడు. చుట్టాలింటికి వెళ్తే ఆ ఇంట్లో ఉన్న ఆసనాలన్నీ ఒక విడత తిరిగి, ఆఖరికి గోడకి ఆనుకుని కాఫీ తాగి వచ్చేస్తాడు.

ఇందులో ఆయన తప్పు సగమే. మిగతా సగం ఆయన వృత్తిది. కళ్ళద్దాల షాపులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనాన్ని కూర్చోబెట్టి, కంటి ముందు ఒక బిళ్ళ తీసి ఇంకో బిళ్ళ పెడుతూ "ఇలా బాగుందా, ఇలా బాగుందా?" అని అడగడమే ఆయన పని. కూర్చునేది వాళ్ళు, నిలబడేది ఈయన. ఇన్నేళ్ళు అలా నిలబడ్డాక ఆ నడుముకి కూర్చోవడం అనే విద్య అబ్బలేదు.

ఆయన భార్య ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. కిటికీ లేని చీకటి గదిలో రోజంతా "ఊపిరి బిగపట్టండి, కదలకండి" అని చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఆవిడ "కదలకండి" అంటే పహిల్వాన్లు కూడా బొమ్మల్లా నిలబడిపోతారు. ఇంట్లో మాత్రం ఆ మాట ఎప్పుడూ చెల్లలేదు.

ఈ ఇద్దరి మధ్యా నలిగినవాడు ఆవిడ తమ్ముడు. ఆయన్ని అద్దాల బావ అని మొదట పిలిచింది వీడే. ఊరంతా అదే పట్టుకుంది. బావ మాత్రం వీణ్ణి బామ్మర్దీ అనే పిలుస్తాడు కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం. బామ్మర్ది లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. వారమంతా గోడల మధ్య సొరంగంలో పైకీ కిందకీ తిరిగేవాడికి ఆదివారం ఒక్కరోజైనా హాయిగా కాళ్ళు చాపుకుని పడుకోవాలని ఆశ ఉంటుంది కదా. ఆ ఆశ మీద బావ నీళ్ళు పోశాడు. పోశాడంటే ఊరికే మాట వరసకి కాదు, నిజంగానే పోశాడు.

అక్కకి ఎప్పట్నుంచో ఒకటే కోరిక. మోటార్‌సైకిల్ మీద సముద్రం దాకా వెళ్ళాలి. రైలు వద్దు, కారు వద్దు. "కిటికీ ఉన్నంత మాత్రాన ఏమైంది, అదీ గదే కదా" అంటుంది. ఏళ్ళ తరబడి వాడుకోకుండా దాచుకున్న సెలవంతా ఈసారి ఒకేసారి ఇస్తామని ఆస్పత్రి వాళ్ళు చెప్పారు. ఆ సాయంత్రం బావ గోడకి ఆనుకుని నిలబడి ప్రకటించాడు.

"నీ సెలవు మొదలయ్యేలోగా బండి కొంటాను. మన స్కూటర్ ఆ దూరానికి పనికిరాదు. ఇద్దరం సుఖంగా కూర్చుని వెళ్ళే బండి కావాలి."

అక్క మొహం వెలిగిపోయింది. బామ్మర్ది మొహం మాడిపోయింది. సుఖంగా కూర్చోవడం అనే మాట బావ నోట వచ్చిందంటే ఆ పని ఎప్పటికి తెమిలేను?

మొదటి ఆదివారం మొదటి షోరూము. సేల్స్‌మన్ ఎదురొచ్చి, తళతళలాడే బండి చూపించి, కూర్చోమని చెయ్యి చాపాడు. బావ వెళ్ళి వెనక సీటు ఎక్కాడు.

"సార్, ముందు కూర్చోండి" అన్నాడు సేల్స్‌మన్.

"ముందు మా బామ్మర్ది కూర్చుంటాడు."

"ఓహో, బండి వారికా?"

"నాకే."

"మరి వారు?"

"నడుపుతారు."

"రోజూనా సార్?"

"ఇవాళ" అన్నాడు బావ, ఇంత చిన్న విషయం కూడా తెలియదా అన్నట్టు. తర్వాత సంచిలోంచి స్టీలు గ్లాసు తీసి, అంచుదాకా నీళ్ళు పోయించుకుని, మోకాలి మీద పెట్టుకున్నాడు.

"దాహంగా ఉందా సార్?"

"పరీక్ష" అన్నాడు బావ.

ఆ పరీక్ష ఏమిటో మొదటి స్పీడు బ్రేకర్ దగ్గర బామ్మర్ది వీపుకి తెలిసింది. గ్లాసులో నీళ్ళు ఎంత ఒలికితే బండి అంత కుదిపినట్టు లెక్క. ఒలికినవన్నీ బామ్మర్ది చొక్కా మీదే. తిరిగొచ్చాక బావ దిగి, ఆ చొక్కాని కంటి పరీక్ష చేసినట్టు దగ్గరగా వంగి చూసి "నడుము దాకా దిగింది. పనికిరాదు" అన్నాడు.

అది మొదలు. ఊళ్ళో ఉన్న షోరూములన్నీ అరిగేలా తిరిగారు. ఒక బండి సీటు పరుపులా మెత్తగా ఉంది. బామ్మర్ది ప్రాణం లేచి వచ్చింది.

"ఇది ఖాయం చేసేద్దాం బావా."

"మెత్తగానే ఉంది. కానీ ముందుకి వాలింది. నువ్వు బ్రేకు వేసినప్పుడల్లా జారి నీ వీపు మీద పడుతున్నాను. ఎంత దగ్గర చుట్టరికమైనా ఇంత దగ్గర పనికిరాదు."

ఇంకోదానికి కాళ్ళు పెట్టుకునే కడ్డీలు మరీ ఎత్తులో ఉన్నాయి. మోకాళ్ళు చెవులకి తగులుతున్నాయన్నాడు. మరోదానికి పొగగొట్టం పిక్కకి వేడి తగిలేలా ఉంది. ఇంకో బండికి అన్నీ బాగున్నాయి గానీ వెనక పట్టుకోవడానికి ఏమీ లేదు.

"నన్ను పట్టుకోండి" అన్నాడు బామ్మర్ది విసుగ్గా.

"నిన్ను పట్టుకుంటే గ్లాసు ఎవరు పట్టుకుంటారు?"

కొన్నాళ్ళకి షోరూముల వాళ్ళు వీళ్ళని దూరం నుంచే గుర్తుపట్టడం మొదలుపెట్టారు. ఒకచోట తువ్వాలు కూడా సిద్ధంగా పెట్టారు. మరోచోట సేల్స్‌మన్ బావని అడగడం మానేసి, బామ్మర్దిని వెనక్కి తిరగమని, చొక్కా చూసి నిట్టూర్చి లోపలికి వెళ్ళిపోయాడు. షోరూములు మూసి ఉండే వేళల్లో బావ వీధిలో ఆపిన బళ్ళ మీద పడ్డాడు. ఒకసారి ఎవరిదో బండి వెనక సీటు మీద తీరిగ్గా కూర్చుని ఉండగా దాని యజమాని వచ్చాడు.

"ఎక్కడికి వెళ్ళాలండీ?" అని అడిగాడు పాపం, బెదిరిపోయి.

"ఎక్కడికీ వద్దు. ఒక్కసారి ఆ గుంటలోంచి తిప్పి తీసుకొచ్చి ఇక్కడే దింపండి" అన్నాడు బావ.

ఆయన దింపాడు కూడా. బావలో ఆ గుణం ఉంది, ఏదడిగినా మనిషి కాదనలేడు. అందుకే బామ్మర్ది కూడా ప్రతి ఆదివారం పొడి చొక్కా వేసుకుని హాజరయ్యేవాడు.

కానీ సెలవు దగ్గర పడుతోంది. ఇంటికొచ్చిన ప్రతిసారీ అక్క తలుపు దగ్గరే అడిగేది.

"ఏమన్నారురా ఇవాళ?"

"అబ్బా అన్నారు."

"అంతేనా" అని నవ్వేది. ఒక ఆదివారం మాత్రం నవ్వలేదు. బట్టలు సర్ది మంచం పక్కన పెట్టుకున్న సంచిని తీసుకెళ్ళి మళ్ళీ బీరువా పైన పెట్టేసింది. "ఫరవాలేదులే, ఇంట్లోనే ఉండి కర్టెన్లు కుట్టుకుంటాను" అంది. బామ్మర్దికి బావ మీద మొదటిసారి నిజంగా కోపం వచ్చింది.

"బావా, వెనక కూర్చోబోయేది అక్క. అక్కనే తీసుకెళ్ళి కూర్చోబెడదాం. ఒక్క పూటలో తేలిపోతుంది" అన్నాడు మర్నాడు షాపుకి వెళ్ళి.

"మీ అక్క వస్తే అంతా చెడుతుంది" అన్నాడు బావ, ఎవరివో అద్దాలు తుడుస్తూ.

"అసలు మీకు కొనే ఉద్దేశం ఉందా?"

బావ అద్దాలు వెలుతురుకి ఎత్తి చూశాడు. "వచ్చే ఆదివారం కొంటాను" అన్నాడు. సెలవుకి ముందు మిగిలింది ఆ ఒక్క ఆదివారమే.

ఆ రోజు వెళ్ళిన షోరూములో ఒక మహా వాహనం ఉంది. రెండు వైపులా పెట్టెలు, వెనక కూర్చునేవాళ్ళ నడుముకి ఆనుడు, చేతులకి ఆసరా. బావ ఎక్కాడు. అబ్బా అనలేదు. బామ్మర్ది అనుమానంగా వెనక్కి చూశాడు. ఏమీ లేదు, ఆయన బాగానే ఉన్నాడు. ఊరి చివర ఉన్న గతుకుల రోడ్డు మీద ఒక చుట్టు తిరిగి వచ్చారు. బామ్మర్ది చొక్కా ఇస్త్రీ నలగకుండా ఉంది. పైగా బావ కళ్ళు మూతలు పడుతున్నాయి. జీవితంలో మొదటిసారి ఆయన ఒకచోట కూర్చుని కునుకు తీస్తున్నాడు.

సేల్స్‌మన్ కళ్ళొత్తుకున్నంత పని చేసి, కాగితాల కోసం పరిగెత్తాడు. బామ్మర్ది మనసులోనే అక్క సంచిని బీరువా మీద నుంచి దింపేశాడు.

బావ నెమ్మదిగా దిగి, జేబులోంచి ముడి వేసిన దారం ఒకటి తీశాడు. ముందు సీటు దగ్గర దాన్ని వేలాడదీశాడు. ముడి సీటు అంచున పెడితే దారం కొస నేలకి అందలేదు.

"వద్దు" అన్నాడు.

"ఏం వద్దు బావా?"

"ఈ బండి వద్దు. ఎత్తెక్కువ. మీ అక్క కాళ్ళు నేలకి ఆనవు. ఆవిడ గోడగడియారం సరిచేస్తుంటే కాలి పొడుగు కొలిచి పెట్టుకున్నాను, ఈ దారం లెక్క తప్పదు."

"వెనక కూర్చునే మనిషికి కాళ్ళు నేలకి ఆనడం ఎందుకు?"

బామ్మర్ది ఆ దారం వంక చూశాడు, ముందు సీటు వంక చూశాడు, ఇన్నాళ్ళూ బావ ఎక్కిన వెనక సీట్లన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి.

"నడిపేది అక్కా?"

"మరి నేనా? స్కూటర్ మీద నన్ను సైకిళ్ళు దాటిపోతాయి. నీకు బండి నేర్పింది ఎవరు?"

అక్కే. పెళ్ళికి ముందు నాన్న బండి అక్కదే అన్నట్టుండేది. పెళ్ళయ్యాక ఎందుకు మానేసిందో బామ్మర్ది ఎప్పుడూ అడగలేదు.

"పెళ్ళయిన కొత్తలో నన్ను వెనక కూర్చోబెట్టుకుని సముద్రానికి బయల్దేరింది. సగం దారిలోంచి తిరిగొచ్చేశాం" అన్నాడు బావ.

"తెలుసు. బండి పాడైందని చెప్పింది."

"బండికి ఏమీ కాలేదు. నేనే ప్రతి గుంటకీ అబ్బా అన్నాను. ఆవిడ అన్నిసార్లూ బండి ఆపి, దిండు సర్ది, ఇలా బాగుందా అని నన్ను అడిగింది. ఆఖరికి ఇంక చూడలేక వెనక్కి తిప్పేసింది. ఆ తర్వాత మళ్ళీ ముందు సీటు ఎక్కలేదు. ఒక్కదానివే వెళ్ళి రమ్మన్నాను. మీరు లేకుండా నేనొక్కదాన్నీ ఏం చూడను, అంది. అందుకని నేను అబ్బా అనకుండా కూర్చోగల సీటు ఒకటి దొరికితే చాలనుకున్నాను. అది మీ అక్క ముందు వెతికితే నా బాధ చూసి ఆవిడే వద్దనేస్తుంది."

సేల్స్‌మన్ ఈలోగా వచ్చి అంతా విన్నాడు. "ముందు సీటు కొంచెం తగ్గించొచ్చు సార్" అన్నాడు.

"ఎంత?"

"రెండు వేళ్ళ మందం."

బావ దారం చూశాడు. రెండు వేళ్ళు దానికి ఏ మూలకీ చాలవు. "పక్కన ఉన్నది చూపించండి" అన్నాడు.

పక్కన ఉన్నది పొట్టి బండి. దారం హాయిగా నేలకి తగిలి చుట్ట చుట్టుకుంది. బామ్మర్ది ముందు కూర్చుని నడిపితే బండి చెప్పినట్టు విన్నది, మలుపుల్లో ముద్దుగా వంగింది. అక్క చేతికి ఇలాంటిదే కావాలి, ఆ మాటలో సందేహం లేదు. వెనక సీటు మాత్రం ఇరుకు. ఆనుడు లేదు. గతుకుల రోడ్డు దాటేసరికి బామ్మర్ది చొక్కాతో పాటు ప్యాంటు కూడా తడిసింది. గ్లాసు ఖాళీ.

"బావా, ఇది పనికిరాదు" అన్నాడు దిగి, చొక్కా పిండుకుంటూ.

"బాగానే ఉంది" అన్నాడు బావ.

ఆ మాట ఏ సీటు గురించీ ఆయన నోట ఇంతవరకు ఎవరూ వినలేదు. సేల్స్‌మన్ బామ్మర్ది చొక్కా చూసి, బావ మొహం చూసి, లోపలికి వెళ్ళి కాగితాలు తెచ్చాడు.

"మీ అక్కకి వెనక సీటు సంగతి చెప్పావంటే ఊరుకోను" అన్నాడు బావ సంతకం పెడుతూ.

తాళం చేతిలో పెడితే అక్క చాలాసేపు నమ్మలేదు. "నేనా? మీరు వెనక కూర్చోలేరు కదా" అంది.

"వాణ్ణి అడుగు. ఊళ్ళో ఉన్న సీట్లన్నీ వెతికి వెతికి ఇది పట్టాను."

బామ్మర్ది గట్టిగా తలూపాడు. అక్క బండి ఎక్కి, రెండు కాళ్ళూ నేలకి ఆనించి, చిన్నపిల్లలా అటూ ఇటూ ఊగి చూసుకుంది. మర్నాడు తెల్లవారగానే వాళ్ళు బయల్దేరుతుంటే బామ్మర్ది వీధి మలుపు దాకా చూస్తూ నిలబడ్డాడు. బావ వీపు కర్రలా నిటారుగా ఉంది.

మధ్యాహ్నం దాటాక ఫోన్ వచ్చింది. అక్క గొంతు వెనక హోరు వినిపిస్తోంది.

"వచ్చేశాంరా. దారి పొడుగునా మీ బావ నోరు మెదపలేదు. ఏమైందో అని భయమేసి నేనే రెండుసార్లు ఆపి చూశాను. బ్రహ్మాండంగా ఉంది పద అన్నారు. పాపం, ఇన్నాళ్ళకి ఆయనకి ఒక సీటు కుదిరింది. ఉండు, ఆయనకి ఇస్తాను. నేను నీళ్ళలోకి పోతున్నాను."

ఆవిడ చెప్పుల చప్పుడు దూరమైంది. బావ ఫోన్ అందుకున్నాడు.

"ఎలా ఉన్నారు బావా?"

"నిలబడి ఉన్నాను" అన్నాడు బావ, గొంతు బాగా తగ్గించి. "ఇప్పట్లో కూర్చునే పరిస్థితి లేదు. బండి దిగడానికి ఎవరో ఇద్దరు సాయం పట్టారు. మీ అక్క అప్పటికే ఇసకలో పరిగెడుతోంది, చూడలేదు."

"మరి తిరిగి రావడం ఎలా? రైలెక్కుతారా?"

"రావడం సంగతి తర్వాత. తీరం వెంబడే వెళ్తే ఇంకో ఊరు ఉందట. చాలా దూరమట. రేపు అక్కడికి పోదామా అంటోంది."

"అయ్యో. మీరేమన్నారు?"

"ఎన్నింటికి బయల్దేరదాం అన్నాను" అన్నాడు బావ.